తమ్ముడు పోసిన ఒడిబియ్యం

నా కుడిచేతి బొటనవేలి మొదట్లో ఒక మచ్చ ఉంది. కత్తిపీటకు తెగిందా అని అడిగేవాళ్లకు అవునని చెప్పేస్తాను. నిజానికి అది ఒక చిన్నపిల్ల పళ్లగాటు. ఆ పిల్లను విడిపించడానికి పోయిన నాడు నాకు దక్కిన బహుమానం.

అప్పుడు నేను మొయినాబాద్‌లో టీచర్ని. పనుల్లోంచి విడిపించిన ఆడపిల్లల కోసం సర్కారు నడిపిన బ్రిడ్జి స్కూలు అది. పిల్లల్ని అక్కడే ఉంచుకుని, తిండి పెట్టి, ఏడాదిపాటు చదువు చెప్పి, ఆ తర్వాత మామూలు బళ్లో చేర్పించాలి. పేరుకు స్కూలే గానీ, అది కిరాయికి తీసుకున్న పాత కోళ్ల ఫారం. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఎండ ముదిరితే రేకుల కింద కోళ్ల వాసన లేచేది. మాది చేవెళ్ల పక్క ఊరు, వ్యవసాయ కుటుంబం. నా నోరు పెద్దదని అత్తగారింట్లోనూ పేరుంది, ఆఫీసులోనూ పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

అవి హైటెక్ రోజులు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తుంటే, ఇటు మా ద్రాక్షతోటల పందిళ్లు కూలి ఫామ్‌హౌసులు లేచాయి. శనివారం వస్తే బీజాపూర్ రోడ్డు నిండా కార్లే. ఆ ఫామ్‌హౌసుల్లో గిన్నెలు తోమడానికి, గడ్డి కోయడానికి, కుక్కలకు వండి పెట్టడానికి మనుషులు కావాలి. పెద్దవాళ్లయితే ఎదురు మాట్లాడతారు, పండక్కి ఊరికి పోతామంటారు. పిల్లలతో ఆ తంటా లేదు. కాగితాల మీద దాన్ని పిల్లల అక్రమ రవాణా అని రాసేవారు. మా ఊళ్లలో మాత్రం పనికి పెట్టిన్రు అనేవారు, అంతే. పనికి పెడితే తప్పేముంది టీచరమ్మా అని నన్నే నిలదీసిన పెద్దమనుషులున్నారు. వాళ్ల పిల్లలు మాత్రం ఇంగ్లీషు మీడియం బస్సెక్కేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లేబర్ ఆఫీసరమ్మ జీపు తెచ్చి నన్నెక్కించుకుంది. ఆమెది కోస్తా జిల్లా, ఉద్యోగానికి కొత్త. జంకు అనేది ఎరగని మనిషి. జన్వాడ దారిలో ఒక ఫామ్‌హౌస్‌లో పిల్లను కొడుతున్నారని పక్క తోటవాళ్లు ఫోన్ చేశారట. ఆడపిల్ల కనుక తోడు ఆడమనిషి ఉండాలని నన్ను రమ్మంది. మా ఠాణా హెడ్ కానిస్టేబుల్ కూడా వచ్చాడు గానీ, గేటు దగ్గర జీపు దిగలేదు. ఆయన బంధువర్గానికి ఆ చుట్టుపక్కల పొలాలున్నాయి. ఎవరి గేటు ముందు గట్టిగా దగ్గాలో, ఎవరి గేటు ముందు దగ్గకూడదో ఆయనకు తెలుసు.

లోపల గడ్డి మీద పట్నం నుంచి వచ్చినవాళ్లు పాటలు పెట్టుకుని కోడిమాంసం కాల్చుకుంటున్నారు. కుక్కల గూళ్ల దగ్గర మేనేజర్ ఆ పిల్లను డ్రిప్ పైపు ముక్కతో కొడుతున్నాడు. ద్రాక్షతోటకు నీళ్లు పారిన పైపే అది. కుక్కల అన్నం ఒలకబోసిందట. పిల్ల ఏడవడం లేదు. తల రెండు చేతుల మధ్య దాచుకుని వంగి కూర్చుంది. పిక్కల మీద పాత వాతలు నల్లగా, కొత్త వాతలు ఎర్రగా ఉన్నాయి. ఆఫీసరమ్మ ఆపమని అరిచింది. వాడు ఆగకపోగా అదే పైపుతో ఆమె మోచేతి మీద ఒక్కటేసి, కుక్క గొలుసు వదిలాడు. కుక్క ఆమె చీర కుచ్చిళ్లు పట్టి పీకింది. నా చేతికి ప్లాస్టిక్ కుర్చీ దొరికింది. ఎత్తి వాడి మొహం మీద కొట్టాను. ముక్కు పగిలింది. ఇప్పటికీ నాకు ఆ విషయంలో ఇసుమంత బాధ లేదు. కాల్చుకుంటున్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన వచ్చి, పిల్లలున్నారు, కొంచెం మెల్లగా మాట్లాడండి అన్నాడు. ఆయన పిల్లల సంగతి అది.

ఆ సందులో పిల్లను ఎత్తి చంకనేసుకున్నాను. అప్పుడే కరిచింది. ఇంతకన్నా ఘోరమైన చోటికి ఎత్తుకుపోతున్నామనుకుందేమో, జీపు మొయినాబాద్ చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. నా రక్తం ఆమె గడ్డం మీదుగా కారి గౌను తడిసింది. హెడ్డు వెనక్కి తిరిగి చూసి, ఇదేం పిల్ల, నక్కలెక్క ఉన్నది అని నవ్వాడు.

ఇల్లలకగానే పండగ కాదంటారు. విడిపించగానే అయిపోయింది అనుకునేవాళ్లు ఒక్క వారం మా స్కూల్లో ఉండి చూడాలి. ఆ పిల్ల పలికేది కాదు. దగ్గరికొస్తే కొట్టేది. వరసలో ముందు నిలబడ్డ పిల్ల తల మీద గరిటెతో కొట్టి తన కంచం ముందుకు తోసేది. ఒకసారి మా వంటమ్మ మీదికి పప్పు గిన్నె విసిరింది. వంటమ్మకు చెయ్యి కాలింది. అయినా పిల్ల మీద చెయ్యెత్తలేదు. దెబ్బలు తిన్న పిల్లకు దెబ్బ ఒక్కటే తెలుసు, వేరే మాట నేర్పాలె, జర ఓపిక పట్టు టీచరమ్మా అంది నాతో. ఓపిక నా ఇంటా వంటా లేదు. అయినా పట్టాను.

మాట రావడానికి చాలా రోజులు పట్టింది. అక్షరాలు మాత్రం తొందరగా వచ్చాయి. మా కిటికీలోంచి రోడ్డు కనపడుతుంది, రోడ్డు పక్కనంతా రియల్ ఎస్టేట్ బోర్డులు. ఆ పిల్ల జీవితంలో మొదట చదివిన వాక్యం ‘ప్లాట్లు అమ్మబడును’. కూడబలుక్కుని చదివి నా వైపు తిరిగి నవ్వింది. పై పన్ను ఒకటి విరిగి ఉంది. అదెట్లా విరిగిందో నేను అడగలేదు.

అప్పుడొచ్చాడు మేనమామ.

పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తేల్చే కమిటీ ఒకటి ఉండేది. నెలకోసారి మా వరండాలోనే కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. అందరూ ఈ ప్రాంతపు పెద్దవాళ్లే. అతను ఇస్త్రీ చొక్కాతో వచ్చి వంగి దండం పెట్టాడు. వెనకాల పిల్ల తల్లి నిలబడింది. పరిగి అవతల పల్లె వాళ్లది. మొగుడు పుణెకు కూలికి పోయి పత్తా లేడు. ఆమె ఒంటి మీద కొత్త ఎర్రచీర ఉంది. అతను తన అక్కకు ఈమధ్యనే ఒడిబియ్యం పోశానని చెప్పాడు. ఫామ్‌హౌస్‌లో ఎవరో పిల్లను మాయజేసి పెట్టారని, తను ఊరూరా వెతుకుతున్నానని కళ్లు తుడుచుకున్నాడు.

ఒడిబియ్యం అన్న మాటతో కమిటీ మెత్తబడింది. మా దగ్గర అన్నదమ్ములు తమ ఇంటి ఆడబిడ్డకు చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒళ్లో పోస్తారు. నీకు పుట్టిల్లుందని పదిమందిలో చెప్పడం అది. తండ్రి లేని ఆడదానికి తమ్ముడు పోసిన ఆ బియ్యమే దిక్కు. మొగుడు వదిలేసిన అక్కకు కూడా మరవకుండా ఒడి నింపిన తమ్ముడిని ఎవరు శంకిస్తారు? ఆఫీసరమ్మ ఒక్కతే, ముందు ఊరికి పోయి ఇల్లూ వాకిలీ విచారించాలి, అదీ రూలు అంది. ఈమె కోస్తా మనిషి, మా మర్యాదలు ఏం తెలుసన్నట్టు చూశారు. హెడ్డు లేచి, ఈ పిల్లగాణ్ణి నేనెరుగుదు, ద్రాక్షతోటల మేస్త్రీ ఉండె, మంచోడు అని సాక్ష్యం పలికాడు. తల్లిని అడిగితే, మా తమ్ముడే అని తలొంచుకుంది.

పిల్లను పిలిచారు. అతన్ని చూసి నిలబడ్డ చోటే గౌను తడుపుకుంది. తిరిగి లోపలికి ఉరికి కిటికీ చువ్వ పట్టుకుంది. హెడ్డు పోయి ఒక్కొక్క వేలూ విడదీసి లాగాడు. చిటికెన వేలి గోరు లేచి వచ్చింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. కమిటీలో పెద్దాయన నాకు బుద్ధి చెప్పాడు.

“మేనమామకు లేని హక్కు నీకెక్కడిది టీచరమ్మా?”

ఆ పూటే పిల్లను అతనితో పంపేశారు. ఆ తర్వాత రెండు నెలలు గడిచాయో లేదో, చేవెళ్ల కూరగాయల మార్కెట్లో ఆ పిల్ల కనపడింది. మిట్టమధ్యాహ్నం. నేను స్కూలుకు టమాటాలు కొనడానికి పోయాను. ఆటో ట్రాలీ మీద నుంచి ఒక పిల్ల డబ్బాలు దించుతోంది, ఎడమచెయ్యి ఒక్కదానితోనే. కుడిచెయ్యి మోచేతి కింద వంకర తిరిగి, వాచి, ఏనాడో విరిగి అట్లాగే వదిలేసినట్టు వేలాడుతోంది. తల గొరిగించారు. విరిగిన పన్ను చూసి గుర్తుపట్టాను. పక్కనే ఇస్త్రీ చొక్కా నిలబడి ఆమెను కాలితో తోస్తూ తొందరపెడుతున్నాడు.

నాకు ఏం ఆలోచన వచ్చిందని అడిగితే, ఏమీ రాలేదు. పోయి పిల్లను పట్టుకున్నాను. అతను నా జుట్టు పట్టి వెనక్కి గుంజి, చెంప మీద కొట్టాడు. కింద పడ్డాను. టమాటాల మధ్యలో పడ్డానేమో, లేవబోతే కాలు జారింది. కడుపులో తన్నాడు. చుట్టూ జనం మూగారు. మా ఇంటి లొల్లి, మీరు పోండ్రి అని అతను అందరికీ చెప్పాడు. ఇంటి లొల్లి అనగానే సగం మంది నిజంగానే తిరిగిపోయారు. మళ్లీ తన్నడానికి కాలెత్తి, నా జడ పట్టుకోవడానికి చెయ్యి కిందికి పెట్టాడు. నా నోటికి అందింది ఆ చెయ్యి. కరిచాను. ఆ పిల్ల నన్ను ఎట్లా కరిచిందో అట్లా, పళ్లు కలిసేదాకా. వాడు అరిచిన అరుపుకు పూలమ్మే ఆడవాళ్లు గంపలు వదిలి వచ్చారు. టీచరమ్మను కొడుతవురా ముండకొడుకా అంటూ చెప్పులు తీశారు. దొరికింది దొరికినట్టు కొట్టారు. వాడు ట్రాలీ వదిలి పారిపోయాడు.

సర్కారు దవాఖానలో డాక్టరు ఎముక వంకరగా అతుక్కుందని, మళ్లీ విరిచి కట్టాలని చెప్పాడు. మత్తు సరిగా పట్టలేదు. విరిచేటప్పుడు ఆ చప్పుడు నేను విన్నాను. పిల్ల నా మచ్చ ఉన్న చెయ్యి పట్టుకుంది, ఈసారి కరవలేదు. కట్టు కట్టాక, ఎవరూ అడగకుండానే నోరు విప్పింది.

“మామనే పెట్టిండు, టీచర్. అప్పుడు కుక్కల తానకు, ఇప్పుడు ఈడికి. మా ఊరి పోరగాండ్లందర్నీ ఆయననే తోల్కపోయిండు. పోనంటే చెయ్యి ఇరగ్గొట్టిండు.”

కంచే చేను మేసిందంటే ఇదీ. ఆఫీసరమ్మ కేసు పెట్టించింది. అయితే అతను నాలుగు రోజుల్లో బయటికొచ్చి, పిల్ల మాకే కావాలని కమిటీకి మళ్లీ అర్జీ పెట్టాడు. పిల్ల తనే కింద పడితే చెయ్యి ఇరిగింది, టీచర్లు నేర్పి చెప్పిస్తున్నారు అన్నాడు. తల్లి బతికుంది కనుక అంతా తల్లి మాట మీదే నిలిచింది. ఆమె ఇంతకుముందులాగే మా తమ్ముడే అని తలొంచుకుంటే పిల్ల మళ్లీ వాడి చేతికే పోతుంది. ఈసారి పోతే బతకదని నాకు తెలుసు. ఎముకలు చూసినవాళ్లకు ఎవరికైనా తెలుస్తుంది.

నేనూ ఆఫీసరమ్మా ఆమె ఊరికి పోయాం. కందిచేలో కూలికుంది. పిల్ల చెయ్యి సంగతి చెప్పాం. గట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా సాక్ష్యానికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

“ఒడి నింపిండమ్మా. అయ్య సచ్చినంక నేనే సాకిన వాన్ని. ఆ బియ్యం వండి ఊరికి పెట్టుకున్న. ఇప్పుడు వాని మీద నోరెత్తితే రేపు నేను సస్తే నా మీద పుట్టింటి బట్ట కప్పేటోడు ఎవ్వడు?”

ఒళ్లు మండింది నాకు. నీ శవం మీద బట్ట కోసం నీ బిడ్డను శవం చేస్తవా అని గట్టు మీదే అరిచాను. చుట్టూ కూలోళ్లు కొడవళ్లు ఆపి చూశారు. ఆఫీసరమ్మ నా భుజం పట్టి లాగింది. దారిలో, ఒక చీరకూ గుప్పెడు బియ్యానికీ ఇంత భయమేమిటండీ అని అడిగింది. మీకు అర్థం కాదులెండి అన్నాను. కానీ జీపు చేవెళ్ల దాటేదాకా అదే ఆలోచించాను. మా అన్న నాకు పోసిన ఒడిబియ్యం గుర్తొచ్చింది. ఆయన తప్పు చేస్తే నేను నోరెత్తేదాన్నా? ఎత్తేదాన్ననే అనుకున్నాను. అనుకోవడానికేం పోయింది.

కమిటీ కూర్చునే రోజు పొద్దున్నే స్కూలు మీద రాళ్లు పడ్డాయి. బండ్ల మీద వచ్చినవాళ్లు గేటు తన్ని, పిల్లను బయటికి పంపమని బూతులు తిట్టారు. వాళ్లలో కొందరు మేస్త్రీలు, కొందరు వాళ్ల వల్ల కూలీలు దొరికే తోటల మనుషులు. కిటికీ అద్దాలు పగిలాయి. పిల్లలంతా గింజలు దంచే రోలు వెనక ఒకరి మీద ఒకరు పడ్డారు. వంటమ్మ గేటు మూయబోతే రాయి తగిలి కణత చీలింది. ఆమె రక్తం తుడుచుకోకుండా రోకలి పట్టుకుని గేటులో నిలబడింది. రాండ్రి బిడ్డా, ఒక్కొక్కడే రాండ్రి అని పిలిచింది. ఎవడూ రాలేదు. పోలీసు జీపు వచ్చేసరికి బండ్లు పోయాయి.

అయినా కమిటీ కూర్చుంది. అద్దం పెంకులు ఊడ్చి వరండాలో కుర్చీలు వేశాను. మేనమామ మళ్లీ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. చేతికి నా గాటు మీద కట్టు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. హెడ్డు గోడకానుకుని నిలబడ్డాడు. పిల్ల తలుపు వెనక, కట్టుకట్టిన చెయ్యి కడుపుకు అదుముకుని నిలబడింది. తల్లి రాలేదు. పెద్దాయన గడియారం చూసుకుని, ఇంకెంతసేపు, మేనమామ ఉన్నడు గదా అన్నాడు.

అప్పుడు గేట్లోంచి ఆమె వచ్చింది. పాత నేతచీర, నెత్తి మీద ఎర్ర మూట. ఎవరికీ దండం పెట్టలేదు. తిన్నగా తమ్ముడి ముందుకు పోయి మూట విప్పింది. ఆ మూట బట్ట అతను పెట్టిన ఎర్రచీరే. అందులో పసుపు కలిపిన బియ్యం. అతని ఒళ్లో బోర్లించింది. బియ్యం ప్యాంటు మీద నుంచి జారి వరండా అంతా పరుచుకుంది. చీర అతని భుజం మీద పడేసింది.

“నువ్వు పోసినంత తెచ్చిన. నీ బియ్యం నువ్వే తిను. నాకు తమ్ముడు లేడు, పుట్టిల్లు లేదు. నా బిడ్డను అమ్ముకున్నోడివి నువ్వే. సర్కారోళ్ల ముంగట చెప్తున్న, రాసుకోరి.”

ఆఫీసరమ్మ కూడా నన్ను అర్థం అడగలేదు.

అతను లేచి పిడికిలితో అక్క నోటి మీద గుద్దాడు. అదే చేతితో, కట్టు ఉన్న చేతితోనే. ఆమె వెనక్కి పడింది. తల గోడకు తగిలింది. పెదవి చిట్లి రక్తం బియ్యం మీద పడింది. రెండోసారి కాలెత్తాడు. ఆ కాలు దిగకముందే హెడ్డు అతని మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. మా ప్రాంతంలో ఒడిబియ్యం ఒళ్లోకి తిరిగి పోయడం ఎవరూ చూసి ఉండరు. పోసిన అక్కను ఆ బియ్యం మీదే కొట్టడం హెడ్డు కూడా తట్టుకోలేకపోయాడు. రెండు, మూడుసార్లు కొట్టి బయటికి ఈడ్చుకుపోయాడు. ఆపమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

తల్లి లేవలేకపోతోంది. ఆమెకూ మాకూ మధ్య బియ్యం పరుచుకుని ఉంది. బియ్యం తొక్కకూడదు గనుక కమిటీ వాళ్లూ, నేనూ, అందరం గోడల వెంబడి దారి చూసుకుంటున్నాం. అటువంటి సమయంలో కూడా కాళ్లు అట్లాగే ఆగుతాయి. తలుపు వెనక నుంచి పిల్ల వచ్చింది. ఒట్టి కాళ్లతో, తిన్నగా ఆ బియ్యం తొక్కుకుంటూ నడిచింది. వంటమ్మ అలవాటుకొద్దీ, తొక్కొద్దు బిడ్డా అంది. పిల్ల ఆగలేదు. తల్లి దగ్గర కూర్చుని, బాగున్న చెయ్యి ఆమె చంక కింద పెట్టింది.

“అవ్వా, లెవ్వు. పోదాం పా.”

ఎక్కడికని ఎవరూ అడగలేదు. తల్లి లేచింది. ఇద్దరూ వంటింట్లోకి పోయి నీళ్లు తాగారు. పిల్ల సర్కారు హాస్టల్లో ఉండి చదవాలని, మేనమామ నీడ కూడా పడకూడదని కమిటీ ఆ పూటే రాసింది. పెద్దాయన సంతకం పెడుతూ నా వైపు చూడలేదు.

అందరూ పోయాక ఆ బియ్యం ఏం చేయాలో మాకు తోచలేదు. రక్తం పడ్డది, కాళ్ల కింద పడ్డది. వంటమ్మ కణతకు కట్టు కట్టుకుని వచ్చి చాటలోకి ఎత్తింది. చెరిగి, కడిగి, గుడ్డ మీద ఆరబోసింది. ఒడిబియ్యం పారేస్తరా ఎక్కడన్న అని నన్నే కసిరింది. మర్నాడు తల్లి బస్సెక్కి ఊరికి పోయేముందు పిల్లలందరితో పాటు కూర్చుని అదే వండుకుని తిన్నాం. పసుపు రంగు పోలేదు. ఆ పిల్ల మారు వడ్డించుకుంది.